మొదటిరోజు మాట్లాడిన అమ్మ మూడోరోజు ఎందుకు మగతలోకి జారింది?

ప్రశ్న:

డాక్టరు గారూ, మాది పొందూరు దగ్గర పల్లె. అమ్మకి 58 ఏళ్లు. చిన్నప్పటి నుంచి పత్తి ఏకి, నూలు వడికిన చెయ్యి ఆమెది. ఏడు వారాల కిందట తెల్లవారి లేచేసరికి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మూతి వంకర పోయింది. రాత్రి పదింటికి పడుకున్నప్పుడు బాగానే ఉంది. ఊళ్లో ఒకాయన పసరు పోస్తానంటే ఆగాం. ఆసుపత్రికి చేరేసరికి పది దాటింది. ఇది స్ట్రోక్, అంటే పక్షవాతం అన్నారు. మెదడులో ఎడమవైపు నాళంలో రక్తం గడ్డ అడ్డుపడిందన్నారు, కరిగించే ఇంజెక్షన్‌కి టైం అయిపోయిందన్నారు.

మొదటిరోజు అమ్మ ముద్దముద్దగానైనా మాట్లాడింది, నన్ను పేరు పెట్టి పిలిచింది. మూడోరోజు మగతలోకి వెళ్లిపోయింది. మెదడు వాచిందన్నారు. నాలుగోరోజు జ్వరం, నిమ్ము. పన్నెండో రోజున ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు పట్టుకుంటే నిలబడుతోంది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు కాస్త కదులుతున్నాయి.

మావయ్య మాత్రం "మొదటి దినం బాగానే మాటాడింది కదా, ఆసుపత్రోళ్లే పాడుసేసినారు" అంటాడు. వాపుకి స్టీరాయిడ్ ఎందుకివ్వలేదని అడుగుతాడు. డిశ్చార్జి కాగితంలో ఇన్‌ఫ్లమేషన్ అని ఉంది కాబట్టి ఇమ్యూనిటీ పొడి వాడమని పిన్ని అంటుంది. సిటీలో ఒకచోట స్టెమ్‌సెల్ ఇంజెక్షన్ ఇస్తారట, పుస్తెలతాడు తాకట్టు పెట్టయినా వేయిద్దామని అన్నయ్య. నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. నాకు ఊరికే ధైర్యం చెప్పకండి. లోపల ఏం జరిగిందో చెప్పండి. అమ్మ మళ్లీ పత్తి ఏకగలదా?

ఇంకొకటి. రెండోరోజు రాత్రి ఆకలి అంటే నేనే పడుకోబెట్టి నాలుగు చెంచాల గంజి పోశాను. నిమ్ము దానివల్లేనా?

– ఒక కూతురు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం:

అమ్మా, గంజి సంగతి మీరు ఉత్తరం చివర్లో రెండు ముక్కల్లో పెట్టారు. మిగతా ప్రశ్నలన్నీ దాన్ని దాచడానికే రాసినట్టు అనిపించింది నాకు. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను. కానీ ఆ జవాబు మీకు నమ్మకంగా అనిపించాలంటే ఆ తెల్లవారుజాము నుంచి మొదలుపెట్టాలి.

మన ఒంటి బరువులో మెదడు వాటా రెండు శాతమే. ఒళ్లంతా వాడే ఆక్సిజన్‌లో మాత్రం ఐదో వంతు అదొక్కటే తినేస్తుంది. రేపటికని దాచుకునే అలవాటు దానికి లేదు. ఎప్పటికప్పుడు అందాల్సిందే. అందుకే దాని నిండా రక్తనాళాలే. మెదడులోని నాళాలన్నీ ఒకదాని చివర ఒకటి కలిపితే సుమారు 600 కిలోమీటర్లు వస్తాయని అంచనా. శ్రీకాకుళంలో బయల్దేరి విజయవాడ దాటినా ఇంకా మిగులుతుంది. ఇందులో ఒక పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని 2006లో లెక్కగట్టారు. రక్తం పూర్తిగా ఆగిన మధ్యభాగం నిమిషాల్లో పోతుంది. దాని చుట్టూ పక్కనాళాల నుంచి కాస్తో కూస్తో రక్తం అందే భాగం ఒకటి ఉంటుంది. అక్కడి కణాలు వెంటనే చచ్చిపోవు, పని మానేసి ఊపిరి బిగబట్టుకుని ఉంటాయి. ఆసుపత్రి పరుగంతా ఈ రెండో భాగం కోసమే.

గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి గడువు నాలుగున్నర గంటలు. ఆ గడియారం రోగి లేచినప్పటి నుంచి తిరగదు. చివరిసారి బాగున్నట్టు ఎవరైనా చూసిన క్షణం నుంచి తిరుగుతుంది. మీ అమ్మగారి విషయంలో అది రాత్రి పది. అంటే తెల్లవారకముందే, రెండున్నరకే గడువు దాటింది. కాబట్టి పసరాయన దగ్గర పోయిన టైం ఆ ఇంజెక్షన్‌ని మాత్రం దూరం చేయలేదు. అయినా ఆయన్ని వెనకేసుకు రాను. నిద్రలో వచ్చిన స్ట్రోక్‌లో కూడా ఎంఆర్ఐ చూసి ఇంజెక్షన్ ఇచ్చే వీలు కొందరికి ఉంటుంది. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను లాగేసే చికిత్స కొందరికి 24 గంటల దాకా కూడా పనికొస్తుంది. పైగా మూతి వంకర పోయి మింగలేని మనిషికి పసరు పోయడమంటే ఊపిరితిత్తుల్లోకి పోయడమే. పావురం రక్తం రాయడం దీనికంటే నయం, కనీసం పైనే ఉంటుంది.

ఇక మూడోరోజు సంగతి. దీనికి మెదడులోని రక్తనాళం గోడ ఎలాంటిదో ముందు చూడాలి.

1880ల్లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూశాడు. ఒళ్లంతా రంగు పట్టింది, మెదడుకి పట్టలేదు. మెదడుకి ఆ రంగు పీల్చుకునే గుణం లేదేమో అనుకున్నాడాయన. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ అదే పనిని తిరగేసి చేశాడు. మెదడు చుట్టూ ఉండే నీటిలోకి రంగు ఎక్కించాడు. ఈసారి మెదడుకి రంగు పట్టింది, ఒంటికి పట్టలేదు. అంటే లోపం పీల్చుకోవడంలో లేదు, మధ్యలో గోడ ఉంది. దాన్నే బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ అంటాం.

మిగతా ఒంట్లో కేశనాళికల గోడ పలచని జల్లి నేత లాంటిదైతే, మెదడులోది మీ ఊరి సన్న ఖాదీ. గోడలోని కణాలు ఒకదాన్నొకటి సందు లేకుండా కుట్టుకుని ఉంటాయి. ఆ గోడను బయటి నుంచి పెరిసైట్లు అనే కణాలు వేళ్లతో చుట్టి పట్టుకుంటాయి. వాటి మీద ఆస్ట్రోసైట్లు అనే కణాలు పాదాలు పరిచి కూర్చుంటాయి. చక్కెర కావాలంటే దారి ఇస్తుంది. తెల్లకణాల్లాంటివి వస్తే మామూలు రోజుల్లో గుమ్మం దగ్గరే ఆపేస్తుంది.

రక్తం ఆగగానే మొదట దెబ్బతినేవాటిలో ఈ పెరిసైట్లూ ఉన్నాయి. 2014లో లండన్ పరిశోధకులు ఎలుకల్లో చూసిన విషయం నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆక్సిజన్ అందక ఈ కణాలు కేశనాళికను గట్టిగా పిసికి, పిడికిలి బిగించినట్టే చచ్చిపోతాయి. చచ్చాక పిడికిలి విప్పేవాళ్లు ఎవరు? అందుకే ఒక్కోసారి పెద్ద నాళంలో గడ్డ తీసేసినా చిన్ననాళాల్లోకి రక్తం సరిగా పారదు. "అడ్డు తీసేశామన్నారు, మరి చెయ్యి లేవదేం?" అని అడిగేవాళ్లకి నేను చెప్పే కారణాల్లో ఇదొకటి.

ఇప్పుడు రక్షణ కణాలు రంగంలోకి దిగుతాయి. మీ డిశ్చార్జి కాగితంలో ఇన్‌ఫ్లమేషన్ అని రాసింది ఈ హడావుడినే. మెదడులో పుట్టినప్పటి నుంచి కాపలా ఉండేవి మైక్రోగ్లియా. 1919లో పియో డెల్ రియో ఓర్తేగా అనే స్పెయిన్ శాస్త్రవేత్త వీటికి ఆ పేరు పెట్టాడు. చాలాకాలం ఇవి ఊరికే నిద్రపోతుంటాయని అనుకున్నారు. 2005లో బతికున్న ఎలుక మెదడులోకే మైక్రోస్కోపు పెట్టి చూస్తే, ఇవి తమ కొమ్మలను నిమిషనిమిషానికీ చాచి, ముడిచి చుట్టుపక్కలంతా తడుముతూనే ఉన్నాయి. చచ్చిపోతున్న నాడీకణం లోంచి ఏటీపీ బయటికి కారుతుంది. మీరు పిల్లలకి చెప్పే ఏటీపీయే, కణంలో శక్తి. ఇంట్లో ఉన్నంతసేపూ వంటకి పనికొచ్చే గ్యాస్, వీధిలోకి వాసన వస్తే ఏం అర్థం చేసుకుంటాం? మైక్రోగ్లియా కూడా అదే అర్థం చేసుకుంటాయి. ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్‌ఎఫ్ లాంటి రసాయనాలతో కేక వేస్తాయి. ఆ కేక విన్న నాళం గోడ లోపలివైపు కొక్కేల్లాంటి అణువులను బయటపెడుతుంది. రక్తంలో దొర్లుకుంటూ పోయే తెల్లకణాలు ఆ కొక్కేలకి తగులుకుని ఆగిపోతాయి. తర్వాత సందు చూసుకుని లోపలికి దూరతాయి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పటి రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, దారులు మూసుకుపోయాయి. అలాంటప్పుడు చెట్లు తీయడానికి జేసీబీ రాక తప్పదు. వస్తుంది, చెట్టు తీస్తుంది. ఆ ఊపులో ఎవరిదో నిలబడి ఉన్న ప్రహరీని కూడా పడగొడుతుంది. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం అచ్చం అలాంటిది. కొన్ని గంటల్లోనే చేరుకోవడం మొదలుపెడుతుంది. మొదటి మూడు రోజుల్లోనే దాని తాకిడి ఎక్కువ. కొన్ని సన్న నాళాల్లోనే ఇరుక్కుని ఉన్న కాస్త దారినీ మూసేస్తాయి. మిగతావి ఎంఎంపీ-9 అనే ఎంజైమ్‌ను వదులుతాయి. అది గోడ కుట్లను, గోడ కింది పునాది పొరను కోసేస్తుంది. వడికే ఇంట్లో పుట్టినవారు కాబట్టి చెబుతున్నాను, ఇవి నిజంగానే ఏకులా వచ్చి మేకై కూర్చుంటాయి.

అప్పటికే లోపల ఉప్పూ నీరూ తోడిపోసే శక్తి లేక కణాలు ఉబ్బి ఉంటాయి. అది మొదటి గంటల వాపు. ఇప్పుడు గోడ కారడం మొదలై నాళంలోని నీరు కూడా వచ్చి చేరుతుంది. ఇది రెండో వాపు, పెద్ద వాపు. రెండో రోజు నుంచి ఐదో రోజు మధ్యలో ఇది ఎక్కువగా ఉంటుంది. కాలు వాస్తే చర్మం సాగుతుంది. పుర్రె సాగదు. లోపల చోటు చాలక, వాచిన భాగం బాగున్న భాగాన్ని నొక్కుతుంది. మనిషి మగతలోకి జారేది అప్పుడే.

మీ అమ్మగారు మొదటిరోజు మాట్లాడింది, మూడోరోజు మగతగా అయింది అంటే, ఈ కథ దాని పద్ధతి ప్రకారమే నడిచింది. మావయ్యగారికి ఈ ఒక్క ముక్క చెప్పండి: మొదటిరోజు బాగుండటం అంటే అయిపోయిందని కాదు, వాపు ఇంకా రాలేదని. ఆసుపత్రివాళ్లు ఈ మాట మొదటిరోజే మీకు చెప్పి ఉంటే బాగుండేది. చెప్పకపోవడం మా వృత్తిలో ఉన్న పాత జబ్బు. మూడోరోజు బంధువుల మొహాలు చూశాకగానీ మాకు గుర్తురాదు.

తల కింద ఎత్తు పెట్టడం, మానిటాల్ లాంటి నీరు లాగే మందు ఎక్కించడం ఈ వాపు కోసమే. వాపు మరీ ముదిరితే పుర్రె ఎముక ముక్కను కొన్నాళ్లు తీసి పక్కన పెట్టే ఆపరేషన్ ఉంది. 60 ఏళ్లలోపు వాళ్లకి 48 గంటల్లో చేస్తే ప్రాణాలు దక్కే అవకాశం బాగా పెరుగుతుంది. మీ అమ్మగారికి అంతదాకా రాలేదు.

మరి స్టీరాయిడ్ ఎందుకివ్వలేదు? మావయ్యగారి ప్రశ్న తెలివితక్కువది కాదు. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో మేమూ ఇచ్చాం. పక్షవాతం అని కేస్‌షీటు మీద రాసి, కింద డెక్సామెథసోన్ అని రాయడం చెయ్యి దానంతటదే చేసే పని. ఎవరైనా కోలుకుంటే మందువల్లే అనుకునేవాళ్లం, కోలుకోకపోతే జబ్బు పెద్దది అనుకునేవాళ్లం. లెక్క కట్టి చూసినవాళ్లు తేల్చింది వేరు. మెదడులో ట్యూమర్లకి వచ్చే వాపు తగ్గించే ఈ మందు, స్ట్రోక్ వాపును తగ్గించి మనిషికి మేలు చేసినట్టు రుజువు కాలేదు. షుగర్ పెంచడం, ఇన్‌ఫెక్షన్‌కి తలుపు తీయడం మాత్రం ఖాయం. ఇవ్వకపోవడమే మంచి వైద్యం.

ఇంకా సూటిగా కొట్టాలని చూసినవాళ్లూ ఉన్నారు. ఇందాక కొక్కేలని చెప్పాను కదా, వాటిలో ఒకదాన్ని కప్పేసి తెల్లకణాలు అతుక్కోకుండా చేసే మందు ఒకటి తయారైంది. పేరు ఎన్లిమోమాబ్. ఎలుకల్లో ఈ ఉపాయం బాగా పనిచేసింది. 625 మంది రోగుల మీద పరీక్షించి 2001లో ఫలితం ప్రచురించారు. మందు తీసుకున్నవాళ్లలో 22 శాతం మంది చనిపోయారు, తీసుకోనివాళ్లలో 16 శాతం. ఆ మందు ఎలుక ప్రొటీన్‌తో చేసింది కావడం వల్ల ఒళ్లు దాని మీదే తిరగబడి ఉండొచ్చని వివరణ ఇచ్చారు. సరే, తర్వాత అలాంటి సమస్య లేని నటాలిజుమాబ్ అనే మందును చూశారు. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం దానివల్ల మెదడులో దెబ్బతిన్న భాగం తగ్గలేదు.

కంచే చేను మేసింది కాబట్టి కంచె పీకేద్దాం అన్నంత సులువు కాదిది. ఆ కంచెకి వేరే పని కూడా ఉంది. దాని గురించి చెప్పేముందు గంజి సంగతి.

మెదడులో రక్షణ కణాలు ఇంత హడావుడి చేస్తుంటే, అదే సమయంలో మిగతా ఒంట్లో దానికి పూర్తిగా ఎదురు జరుగుతుంది. స్ట్రోక్ వచ్చిన కొన్ని గంటల్లోనే మెదడు పురమాయింపుతో అడ్రినలిన్ తరహా సంకేతాలు, కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోను ఒళ్లంతా ఉప్పెనలా పారుతాయి. రక్తంలో లింఫోసైట్లు అనే తెల్లకణాల సంఖ్య పడిపోతుంది. రక్షణ కణాలకి కోట లాంటి ప్లీహం చిక్కిపోతుంది. 2003లో జర్మనీలో ఎలుకల మీద చేసిన పనిలో, స్ట్రోక్ తెప్పించిన ఎలుకలకి తమంతట తామే నిమ్ము వచ్చింది. ఆ అడ్రినలిన్ సంకేతాన్ని మందుతో ఆపితే ఆ ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి. తలలో మంట ఆర్పుకోవడానికో, మెదడు భాగాల మీద సొంత కణాలే దండెత్తకుండానో ఒళ్లు ఇలా చేస్తుందని ఊహిస్తున్నారు. కారణం ఏదైనా, ఫలితం గోరుచుట్టు మీద రోకలిపోటు. స్ట్రోక్ వచ్చిన పదిమందిలో సుమారు ఒకరికి నిమ్ము చేస్తుంది. అది ఎక్కువగా మొదటి వారంలోనే.

దీనికి మింగడం దెబ్బతినడం తోడవుతుంది. కొత్తగా స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి మింగడం సరిగా ఉండదు. కొందరికి నీళ్లు గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు కూడా రాదు.

ఇప్పుడు సూటిగా చెబుతాను. పడుకోబెట్టి గంజి పోయడం తప్పే. అది నిమ్ముకి తోడై ఉండొచ్చు. కానీ అదే కారణమని ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. ముక్కులో పైపు వేసి, నోటితో చుక్క కూడా ఇవ్వని రోగులకి కూడా నిమ్ము వస్తుంది. ఎందుకంటే ఉమ్మి ఆగదు. రాత్రంతా నోట్లోని క్రిములతో కలిసి అది లోపలికి జారుతూనే ఉంటుంది. మామూలు రోజుల్లో అయితే మీ అమ్మగారి తెల్లకణాలు దాన్ని తెల్లవారేలోగా ఊడ్చేసేవి. ఆ వారం అవి డ్యూటీలో లేవు. మీరు చెంచా పట్టుకున్న రాత్రి మంచం పక్కన "ఈమెకి నోటితో ఏమీ పెట్టకండి" అని కాగితం అంటించి ఉందా? ఎవరైనా చెంచాడు నీళ్లతో మింగుడు పరీక్ష చేసి మీకు చెప్పారా? ఉత్తరాన్నిబట్టి చూస్తే లేదు. ఆకలి అన్న తల్లికి కూతురు గంజి పోసింది. ఈ పేరా మీ అన్నయ్యతో కూడా చదివించండి.

"ముందే యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే?" అని మీకు అనిపించవచ్చు. నెదర్లాండ్స్‌లో రెండున్నర వేల మందికి పైగా రోగులతో అదే చేసి చూశారు. 2015లో ఫలితం వచ్చింది. ముందుగా ఇచ్చినందువల్ల నిమ్ము తగ్గలేదు, మనుషులు ఎక్కువగా కోలుకోనూ లేదు. పనిచేసేవి చిన్నచిన్న పనులే. ఇప్పటికీ పనికొస్తాయి కాబట్టి వినండి. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి, గడ్డం కాస్త ఛాతీ వైపు వంచండి. పల్చటి నీళ్లకంటే చిక్కటి జావ సులువుగా దిగుతుంది. ఒక్కో చెంచా మింగాక "అమ్మా" అనిపించండి. గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు గురగురమంటే అక్కడితో ఆపండి. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి. కుడి బుగ్గలో మెతుకులు మిగిలిపోతాయి, ఆ వైపు స్పర్శ తెలియదు. వేలికి తడిగుడ్డ చుట్టి తీయండి. రోజుకి రెండుసార్లు పళ్లు తోమించండి. పళ్లు తోమడం కూడా వైద్యమేనా అని నవ్వుకోకండి.

ఇందాక ఆపిన మాట. మూడోరోజు దాటాక వచ్చే కణాలు వేరు. రక్తంలోని మోనోసైట్లు అనే తెల్లకణాలు లోపలికొచ్చి మాక్రోఫేజ్‌లుగా మారి, మైక్రోగ్లియాతో కలిసి చచ్చిన కణాల చెత్తను తినడం మొదలుపెడతాయి. వారాల తరబడి అదే పని. ఆ చోటు చివరికి నీటితో నిండిన చిన్న గుంటలా మిగులుతుంది. చుట్టూ ఆస్ట్రోసైట్లు మచ్చలాంటి గట్టు కడతాయి, చెడు పక్కకి పాకకుండా. గట్టు పక్కన కొత్త కేశనాళికలు మొలుస్తాయి. ఇక్కడే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం అనిపించే సంగతి ఒకటుంది. గోడను కోసిందని మనం తిట్టుకున్న ఎంఎంపీ-9, రెండో వారంలో కొత్త నాళాలకి దారి తవ్వే పని చేస్తుంది. 2006లో ఎలుకల్లో ఏడో రోజు నుంచి దీన్ని మందుతో అడ్డుకుంటే కోలుకోవడం తగ్గిపోయింది. అదే ఎంజైమ్, అదే మెదడు, రోజు మారింది అంతే. ఇన్‌ఫ్లమేషన్‌ను ఆపాలా, పెంచాలా అని ఎవరైనా అడిగితే ఎన్నో రోజు అని తిరిగి అడగాలి.

అందుకే పిన్నిగారి ఇమ్యూనిటీ పొడి డబ్బా పక్కన పెట్టేయండి. ఏడో వారంలో లోపల దేన్ని పెంచుతుందో ఆ డబ్బా మీద రాసినవాళ్లకే తెలియదు. కొన్ని ఆకుల మందులు రక్తం పలచబరిచే మాత్రలతో పడవు కూడా. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి ఇది చదువుతున్నవాళ్లకి ఇంకో మాట. పక్షవాతం తర్వాత భుజం నొప్పి మామూలే. దానికి మెడికల్ షాపులో నొప్పి మాత్రలు అడిగి కొనుక్కోకండి. అవి బీపీని పెంచుతాయి, అసలే సతమతమవుతున్న కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతో డాక్టరుకి ముందే చెప్పండి.

స్టెమ్‌సెల్ గురించి నా మాట కటువుగా ఉంటుంది. పరిశోధన జరుగుతోంది, రేపు ఏదైనా తేలితే నేనే మొదట సంతోషిస్తాను. ఈరోజుకి మాత్రం స్ట్రోక్‌కి అది ఆమోదించిన చికిత్స కాదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం క్లినికల్ ట్రయల్ బయట దాన్ని చికిత్సగా అమ్మకూడదు. నిజంగా ట్రయల్ అయితే మీ దగ్గర డబ్బు అడగరు. పుస్తెలతాడు అడుగుతున్నారంటే అది ట్రయల్ కాదు. ఆ డబ్బులో పిసరంతతో వారానికి మూడుసార్లు ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టుని పెట్టుకోండి, బీపీ మిషన్ ఒకటి కొనండి.

బీపీ 130/80 లోపు ఉండేలా చూడాలి. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్రలు "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని ఆపేవాళ్లే మళ్లీ మా దగ్గరికి వస్తుంటారు. మళ్లీ మూతి పక్కకి పోయినా, మాట తేడా వచ్చినా, చెయ్యి జారినా 108కి ఫోన్ చేయండి, చివరిసారి ఎప్పుడు బాగుందో టైం చెప్పండి. అమ్మగారు ఊరికే ఏడుస్తున్నా, దేనిమీదా ఆసక్తి లేకుండా గోడవైపు తిరిగి పడుకుంటున్నా అది బద్ధకం కాదు. స్ట్రోక్ తర్వాత మూడింట ఒకరికి డిప్రెషన్ వస్తుంది, దానికి మందులున్నాయి.

ఇక చెయ్యి. మళ్లీ ఏకగలదా అంటే హామీ ఇవ్వలేను. ఏడో వారానికి బొటనవేలు, చూపుడువేలు కదలడం మాత్రం మంచి గుర్తు. పోయిన కణాలు తిరిగి రావు. గట్టు అవతల బతికి ఉన్నవి కొత్త దారులు వేసుకుంటాయి, వాడిన దారే గట్టిపడుతుంది. మొదటి మూడు నెలల్లో ఈ మార్పు జోరుగా ఉంటుంది, తర్వాత మెల్లగా సాగుతుంది. మీ చేతిలో ఇంకా ఐదారు వారాల మంచి కాలం ఉంది. రబ్బరు బంతి పిసకడం కంటే ఆమె చేతికి తెలిసిన పని ఇవ్వండి. పత్తి ఏకే వాలుగ చేప దవడ ఇప్పుడే ఇవ్వకండి. దాని పళ్లు సన్నవి, స్పర్శ తెలియని వేలికి గుచ్చుకున్నా ఆమెకి తెలియదు. ముందు కాయలోంచి దూది తీయించండి. తర్వాత దూదిలో గింజ తడిమి పట్టుకోమనండి. ఆ పని ఆ రెండు వేళ్లదే. రోజుకి ఇరవై నిమిషాలు చొప్పున రెండు మూడుసార్లు, విసుగొచ్చేదాకా కాదు. ఎడమచెయ్యి సాయం వస్తుంటే ఒళ్లో పెట్టుకోమనండి. రోజుకి ఎన్ని గింజలు తీసిందో పాత క్యాలెండర్ వెనక రాయండి.

కూర్చోబెట్టేటప్పుడు కుడి మోచేయి కింద దిండు పెట్టండి, చెయ్యి వేలాడితే భుజం కీలు జారుతుంది. లేపేటప్పుడు మాత్రం ఆ చెయ్యి పట్టుకుని లాగొద్దని మావయ్యగారికి మరీ మరీ చెప్పండి. చంక కింద చెయ్యి వేసి లాగినా అంతే. నడుము దగ్గర పట్టుకుని లేపాలి.